పెంకు చేపల లెక్క: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 9

డాబా మీది గదిలో నాలుగు గాజు తొట్లు, వాటిలో కోరీలనే 36 చిన్న మీసాల చేపలు, దుకాణం అతను ఇచ్చిన అయిదు చీటీలు. ఇప్పటికి నా దగ్గరున్న సరంజామా ఇంతే. బ్రాంజ్ కోరీ 9, ఆల్బినో కోరీ 4, జూలీ కోరీ 12, పిగ్మీ కోరీ 8, గ్రీన్ కోరీ 3 అని చీటీల మీద రాసి ఉంది. చేపలన్నీ చెన్నై కొళత్తూరు నుంచి వచ్చినవేనని, పేర్లు కూడా అక్కడివాళ్లు చెప్పినవేనని అతను ముందే చెప్పేశాడు. పూచీ తనది కాదన్నమాట.

వీటి సొంత ఊరు దక్షిణ అమెరికా. అమెజాన్, ఒరినోకో లాంటి నదుల్లోకి దిగే చిన్న వాగుల్లో ఇసుక అడుగున మీసాలు దించి, వెతుక్కుంటూ తిరుగుతాయి. ఎక్కువ భాగం బొటనవేలికి మించి ఉండవు. మనకు మీసాల చేప అంటే వాలుగ, జెల్ల, మార్పు. వాటికి ఒంటి మీద పొలుసు ఉండదు, పట్టుకుంటే జారిపోతాయి. వీటికీ పొలుసు లేదు గాని, ఒక్కో పక్కన రెండు వరసల ఎముక పలకలున్నాయి. శిరస్త్రాణం, తోలు అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలను కలిపి ఫ్రెంచి శాస్త్రవేత్త లాసెపేద్ 1803లో వీటికి కోరిడోరస్ అని పేరు పెట్టాడు, కోరీ దాని పొట్టి రూపం. చూడగానే తోచే పేరే.

డిగ్రీ మొదటి సంవత్సరం వాళ్లకు ఏటా వర్గీకరణ పాఠం చెబుతాను. క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి అని ఎక్కాల్లా అప్పజెబుతారు. చేతిలో చేప పెడితే మాత్రం "దీని పేరేమిటి సార్?" అని నన్నే అడుగుతారు. ఈసారి పేరు చెప్పకుండా చేపను ఇవ్వాలనుకుంటున్నాను. అందుకు రెండు తయారు చేయాలి. ఒకటి, ప్రతి జాతికీ తెలుగులో ఒక పేజీ వర్ణన. రెండోది, అవునా కాదా అని ఒక్కో ప్రశ్న దాటుకుంటూ పేరు దాకా వెళ్లే గుర్తింపు సూచిక. వర్షాకాలం అయ్యేలోపు రెండూ పూర్తి చేయాలి.

జూన్ 12

మొదటి రోజే వల ఒకటి పాడైంది. కొలతలు తీద్దామని బ్రాంజ్ చేపను వలతో ఎత్తాను. దాని వీపు రెక్క ముందు ఒక ముల్లు, రెండు రొమ్ము రెక్కల ముందు చెరొక ముల్లు ఉన్నాయి. బెదిరితే మూడింటినీ నిటారుగా లేపి బిగించేస్తుంది. మనం నొక్కినా అవి దిగవు. ముల్లు వెనక అంచున రంపపు పళ్లుంటాయి, అవి వల కన్నుల్లో చిక్కుకున్నాయి. లాగితే ముల్లు విరుగుతుంది, వదిలితే చేప చస్తుంది. మా అన్నయ్య కూతురు కత్తెర తెచ్చి చేప చుట్టూ వల గుడ్డను కత్తిరించి, ఆ ముక్కతో సహా చేపను నీళ్లలోకి వదిలింది. పది నిమిషాల తర్వాత ముక్క విడిపోయి అడుగున కనిపించింది.

"బాబాయ్, ఇక మీదట గాజు గిన్నెతో ముంచుదాం," అంది. అదే నియమంగా రాసుకున్నాను. ఈ క్రమంలో నా వేలికీ ఒకటి గుచ్చుకుంది. జెల్ల ముల్లంత సలపరం లేదు గాని, సాయంత్రం దాకా మంట ఉంది.

లవంగ నూనెతో మత్తిచ్చి కొలిచేవాళ్లున్నారు. మోతాదు మీద నాకు నమ్మకం లేక ఆ దారి వదిలేశాను. దాని బదులు 20 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న సన్నటి గాజు పెట్టె అతికించాం. వెనక నుంచి ఒక అద్దపు పలకను మెల్లగా ముందుకు జరిపితే చేప ముందు అద్దానికి ఆనుకుని పక్కవాటుగా నిలబడుతుంది. అద్దానికి గ్రాఫు కాగితం పట్టీ అంటించాం. ఫోటో తీసుకుని రెండు నిమిషాల్లో వదిలేయవచ్చు. కొలత అంతా ఫోటో మీదే.

జూన్ 15

ఆదివారమంతా మాటలతోనే సరిపోయింది. తెలుగులో వర్ణన రాయాలంటే ముందు అవయవాలకు పేర్లు కావాలి. పాఠ్యపుస్తకంలో రెక్కను వాజం అంటాం. "వాజం అంటే పరీక్షలో రాస్తాను గాని, చేపను చూస్తే నాకు ఆ మాట గుర్తుకు రాదు," అని అమ్మాయి మొదటి అభ్యంతరం. రెక్క అనే ఉంచాం.

రెక్కలో విసనకర్ర పుల్లల్లాంటివి ఉంటాయి కదా, వాటిని ఏమనాలి? "కిరణాలు" అని ఎక్కడో చదివాను. సూర్యుడికి బాగుంటుంది, చేపకు నప్పదు. కొబ్బరాకు మధ్యలో ఉండేది, చీపురు కట్టేది ఈనె. రెక్కకు బిగువునిచ్చేదీ అలాంటిదే. ఈనె ఖాయం చేశాం. మూతి ముందుకు సాగిన భాగానికి ముట్టె. పందికి వాడే మాట చేపకు తక్కువతనం అని నేను కాసేపు తటపటాయించాను. కాని ఇవి ఇసుకను తవ్వే తీరు చూశాక ఇంకో మాట తోచలేదు. తోకకు ముందు వీపు మీద ఉండే చిన్న రెక్కకు కొవ్వు రెక్క అన్నాం. వీటిలో దానికీ ముందు ఒక చిన్న ముల్లు ఉంటుంది.

చివరికి పక్కలనున్న ఎముక పలకలు మిగిలాయి. కవచ ఫలకం అని నేనే రాసి, నేనే కొట్టేశాను. ఫోటోను పెద్దది చేసి చూస్తుంటే అమ్మాయి "ఇది తాతయ్య వాళ్ల ఇంటి కప్పులా ఉంది" అంది. నిజమే. ఒక పలక అంచు దాని వెనక పలక మీదికి ఎక్కి ఉంది. పెంకుటింటి కప్పు మీద పై పెంకు కింది పెంకును కప్పినట్టు ఇక్కడ ముందుది వెనకదాన్ని కప్పుతోంది. చేప ముందుకు ఈదుతుంటే నీళ్లు జారిపోవడానికి కప్పు మీద వాన జారినంత వీలు. గుడ్డుకూ పెంకే, తాబేలుకూ పెంకే, ఇంటికీ పెంకే. పెంకు అని రాశాం: పై వరస పెంకులు, కింది వరస పెంకులు, ఆ రెండు వరసలూ పక్క మధ్యన కలిసే చోటు "కీలు గీత".

జూన్ 19

రాత్రంతా కరెంటు లేదు. పొద్దున తొట్టి నీళ్లు 33 డిగ్రీలు. గాలి యంత్రం ఆగిపోయినా ఈ చేపలు కొంత తట్టుకుంటాయి. పైకి దూసుకొచ్చి ఒక బుడగ మింగి, పేగు వెనక భాగంతో దానిలోని ప్రాణవాయువు పీల్చుకుంటాయి. వేడికి మాత్రం ఆ ఉపాయం పని చేయదు. బ్రాంజ్ చేప ఒకటి పోయింది. ముట్టె కొన నుంచి తోక రెక్క మొదలు వరకు 46 మిల్లీమీటర్లు. తోకను కొలతలో కలపరు, కొనలు చిరిగిపోతుంటాయి కాబట్టి. కాలేజీ ప్రయోగశాలలో ఫార్మలిన్‌లో పెట్టించాను. మిగిలిన వాటి పైన తడి గోనెలు వేలాడదీశాం.

జూన్ 24

పెంకులు లెక్కపెట్టడం తేలికనుకున్నాను. ఒకే ఫోటోలో ఒకే బ్రాంజ్ చేపకు పై వరసలో నాకు 22, అమ్మాయికి 24, భోజనం చేసొచ్చాక మళ్లీ నాకు 23 వచ్చాయి.

తేడా మధ్యలో లేదు, రెండు కొసల్లో ఉంది. ముందు వైపు, మొప్ప మూత వెనక, పక్క గీత (నీటి కదలికను పసిగట్టే గీత) మీద రెండు చిన్న ఎముక ముక్కలుంటాయి. అమ్మాయి వాటినీ కలిపింది. వెనక వైపు తోక రెక్క మొదట్లో చివరి పెంకు గోరంత కూడా ఉండదు, ఈనెల మొదళ్లలో కలిసిపోతుంది. నేను దాన్ని వదిలేశాను. నాన్నగారు గడియారాలు బాగు చేసేవారు. ఆయన కంటి అద్దం పెట్టుకుని, ఫోటోను పెద్ద కాగితం మీద అచ్చు తీసి, ఒక్కో పెంకు మీద పెన్సిల్‌తో అంకె వేస్తూ వెళ్లాం. ముందు ముక్కలు కలపరాదు, వెనక చివరిది కలపాలి అని నియమం రాసుకున్నాక ముగ్గురం లెక్కపెట్టినా (మూడో మనిషి మా వదిన, ఆమెకు ఈ గొడవ ఏదీ తెలియదు) పైన 23, కింద 21 వచ్చాయి.

ఇకపై ప్రతి వర్ణనలోనూ అంకె కంటే ముందు ఎలా లెక్కపెట్టామో రాయాలి. లేకపోతే ఆ అంకెకు విలువ లేదు.

ఆల్బినో నాలుగింటినీ కూడా ఇలాగే చూశాం. రంగు లేని ఒళ్లు, ఎర్రటి కళ్లు, మచ్చ లేదు చార లేదు. రంగును నమ్ముకునేవాడికి ఇక్కడ పని లేదు. పెంకులు, ఈనెలు, ముట్టె కొలత అన్నీ బ్రాంజ్‌తో సరిపోయాయి. ఒకే జాతి, చీటీలు రెండు. ట్రినిడాడ్ చేపలను చూసి థియోడోర్ గిల్ 1858లో పేరు పెట్టిన జాతి ఇది. ఎనియస్ అనే ఆ పేరుకు అర్థం కంచు రంగుది అని. కంచు రంగు లేని కంచు చేప!

జూలై 2

జూలీ కథ తేలిపోయింది, నాకు అనుమానం ఉన్నట్టే.

అసలు జూలీ తూర్పు బ్రెజిల్ చేప, స్టైన్‌డాక్నర్ 1906లో వర్ణించాడు. దాని తల మీద నల్ల చుక్కలు ఆవాలు చల్లినట్టు విడివిడిగా ఉంటాయి. దాన్ని పోలిన ఇంకో జాతిని పెరూ చేపలు చూసి కోప్ 1872లో వర్ణించాడు. దాని పేరులోనే మూడు గీతలున్నాయి, ట్రైలినియేటస్ అని. దీని తల మీద చుక్కలు ఒకదానితో ఒకటి కలిసి వంకర గీతలుగా, చెదలు తిన్న కాగితంలా ఉంటాయి. అంగళ్లలో జూలీ అని అమ్మేదాంట్లో దాదాపు అంతా ఈ రెండోదే అని ఈ చేపలు పెంచేవాళ్లందరికీ తెలుసు. తెలిసినా చీటీ మారదు.

పన్నెండింటినీ ఒక్కోటిగా ఫోటో పెట్టెలో నిలబెట్టి తల మీది నుంచి ఫోటోలు తీశాం. తొమ్మిదింటికి స్పష్టమైన వంకర గీతలు. రెండు చిన్నవాటికి చుక్కలూ గీతలూ కలగలిసి ఉన్నాయి. ఒకదాన్ని మాత్రం పొద్దుపోయేదాకా చూస్తూ కూర్చున్నాను. దానికి ఎడమ చెంప మీద గీతలు, కుడి చెంప మీద చుక్కలు. ఎడమ వైపు నుంచి చూసినవాడు ఒక జాతి అంటాడు, కుడి వైపు నుంచి చూసినవాడు ఇంకోటి అంటాడు. సూచికలో "తల పైభాగం, రెండు చెంపలు, మూడూ చూడండి" అని చేర్చాను. ఈ చేపకు అమ్మాయి "రెండు నాల్కలది" అని పేరు పెట్టింది. శాస్త్రీయం కాదు గాని అతికినట్టుంది.

పిగ్మీలు ఎనిమిదీ పిగ్మీలే. ముట్టె నుంచి తోక దాకా తెగని నల్లగీత ఒకటి. దాని పొట్టి బంధువు హాస్టేటస్ అయితే గీత బదులు తోక మొదట్లో బల్లెం మొనలాంటి నల్లమచ్చ ఉండాలి. భార్యాభర్తలైన రోజా, కార్ల్ ఐగెన్‌మన్‌లు 1888లో దానికి బల్లెం పేరే పెట్టారు. ఇక్కడ మచ్చ లేదు. అరగంటలో అయిపోయింది.

జూలై 21

చనిపోయిన చేపకు ఎముకల రంగు పట్టించే పని మొదలుపెట్టి రెండు వారాలైంది. పద్ధతి పాతదే. ఫార్మలిన్ కడిగేసి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఒంటి రంగు తీసి, పలచటి పొటాషియం హైడ్రాక్సైడ్‌లో చిటికెడు అలిజరిన్ కలిపి వదలాలి. కండ మెల్లగా గాజులా పారదర్శకం అవుతుంది. అలిజరిన్ సున్నం ఉన్నచోటే పట్టి ఎముకలన్నీ ఎర్రగా తేలుతాయి. ఆ తర్వాత కొంచెం కొంచెంగా గ్లిసరిన్‌లోకి మార్చాలి.

ఓపిక లేక చెడగొట్టుకున్నాను. ఒక శాతం ద్రావణంలో కండ కరగడం ఆలస్యమవుతోందని శుక్రవారం సాయంత్రం నాలుగు శాతం చేసి తాళం వేసుకుని వచ్చేశాను. శని, ఆదివారాలు గదిలో ఎండ. ఈరోజు తలుపు తీస్తే సీసాలో చేప లేదు. అడుగున ఎర్రటి ముక్కల కుప్ప, పైన జిగురు. గాలివానకు లేచిపోయిన ఇంటి కప్పు చూసినట్టయింది.

పారబోయబోయి ఆగాను. కప్పు లేచిపోయినా పెంకులు ఎక్కడికీ పోలేదు కదా! వడగట్టి, నీళ్లలో కడిగి, నల్ల కాగితం మీద పరిచాం. తల ఎముకలు, ముళ్లు, వెన్నుపూసలు పక్కకు తీసేస్తే మిగిలినవి పెంకులు. పొడవాటి విల్లు వంపు ముక్కలు, గులాబీ రేకంత పలచన. లెక్కపెడితే 91.

91 బేసి సంఖ్య. రెండు పక్కలా సమానంగా ఉంటే సరి సంఖ్య రావాలి. ఒకటి కాలువలోకి పోయిందేమోనని జల్లెడ మళ్లీ వెతికాం. లేదు. అరగంట తర్వాత అమ్మాయి మూడు బుల్లి ముక్కలను వేరుగా జరిపింది. అవి వంపుగా లేవు, ఎడమా కుడీ ఒకేలా ఉన్న చిన్న దోనెల్లా ఉన్నాయి. బతికున్నప్పటి ఫోటో తెచ్చి చూశాం. వీపు మీద కొవ్వు రెక్కకు ముందు, సరిగ్గా నడిమి గీత మీద మూడు చిన్న పెంకులు. వాటికి జత ఉండదు. ఇంటి కప్పుకు నడికొప్పు పెంకులన్నమాట. 91లో 3 పోతే 88. అందులో సగం 44. పైన 23, కింద 21.

రెండు పక్కలా లెక్క ఒకటే ఉండి తీరాలన్న నియమం ఏమీ లేదు, కాబట్టి దీన్ని రుజువు అనను. అయినా ఆ రాత్రి నిద్ర బాగా పట్టింది.

ఆగస్టు 3

గ్రీన్ కోరీ మూడింటి వంతు. ఇవి మిగతావాటి కంటే బరువుగా, ఎత్తుగా ఉన్నాయి. వెలుతురు పడితే పక్కలు ఆకుపచ్చగా మెరుస్తాయి. దుకాణం అతను "బ్రాంజ్‌లోనే పచ్చరకం మాస్టారూ" అన్నాడు. ఫోటోలో వీపు రెక్క విప్పుకున్న క్షణం దొరికే దాకా అరవై సార్లు నొక్కాల్సి వచ్చింది. దొరికాక ముల్లు వెనక ఈనెలు లెక్కపెట్టాను. బ్రాంజ్‌కు 7 వచ్చాయి. దీనికి 11.

ఇది రకం తేడా కాదు. 11 ఈనెలతో ఆకుపచ్చ మెరుపు అంటే బ్రోకిస్ స్ప్లెండెన్స్ (మొదటి మాట ప్రజాతి పేరు, అంటే దగ్గరి జాతుల గుంపుది; రెండోది జాతి పేరు), కాస్టెల్నో 1855లో వర్ణించిన చేప. నా సూచికలో మొదటి ప్రశ్న కూడా దొరికిందని సంబరపడ్డాను. "వీపు రెక్కలో ముల్లు వెనక 10 లేదా అంతకు మించి ఈనెలున్నాయా? ఉంటే బ్రోకిస్, లేకపోతే కోరిడోరస్."

ఆగస్టు 10

సంబరం వారం నిలవలేదు. ఆ ప్రశ్న పాత పుస్తకాల్లోది. 2024లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు ముఖ్యులుగా ఉన్న డయాస్ బృందం ఎముకల నిర్మాణాన్నీ జన్యు పదార్థాన్నీ కలిపి చూసి, 200కు పైగా జాతులున్న ఈ ఉపకుటుంబాన్ని ఏడు ప్రజాతులుగా సర్దింది. కోరిడోరస్ అనే పేరు పొడుగు ముట్టె ఉన్న ఒక గుంపుకే మిగిలింది. మూలన పడి ఉన్న పాత పేర్లు లేచి వచ్చాయి. నా తొట్లలో ఇప్పుడు ఒక్క కోరిడోరస్ కూడా లేదు! కంచు చేప ఆస్టియోగాస్టర్ ఎనియా అయింది, ఎముక పొట్టది అని అర్థం. పిగ్మీ గాస్ట్రోడెర్మస్ పిగ్మియస్, అంటే పొట్ట మీద తోలు ఉన్నది. జూలీ అనుకున్నది హోప్లిసోమా ట్రైలినియేటమ్, ఆయుధాలు తొడిగిన ఒళ్లు. ఒకే ఎనియస్ ఇక్కడ ఎనియా ఎందుకైంది, ట్రైలినియేటస్ ట్రైలినియేటమ్ ఎందుకైంది అని అమ్మాయి అడిగింది. వచ్చాడు, వచ్చింది లాంటిదే. ప్రజాతి పేరు లింగం మారితే విశేషణం తోక మార్చుకోవాలని జంతు నామకరణ నియమావళి చెబుతుంది.

పేర్లు మారితే పరవాలేదు, తిరగరాసుకోవచ్చు. నా మొదటి ప్రశ్న కూలిపోయింది, అది అసలు దెబ్బ. కొత్త సర్దుబాటులో బ్రోకిస్‌లోకి 7 ఈనెల చేపలు చాలా వచ్చి చేరాయి. వాటిలో లెపార్డస్ ఒకటి. దాని ఒంటి మచ్చలు జూలీ, ట్రైలినియేటమ్‌లకు కవల అన్నట్టుంటాయి, ముట్టె మాత్రం పొడుగు. హాబ్రోసమ్ అనే ఇంకో పొట్టి చేప పిగ్మీ పక్కన పెడితే చెల్లెలిలా ఉంటుంది. అది కూడా హోప్లిసోమాలోకి, అంటే ట్రైలినియేటమ్ ఇంటికి వెళ్లింది.

ఇలా ఎందుకు జరుగుతుందో 2011 నాటి ఒక పరిశోధనలో ఉంది. ఒకే వాగులో కలిసి తిరిగే కోరీలు చాలాసార్లు దగ్గరి చుట్టాలు కావు. అయినా ఒకే రంగు చొక్కా తొడుక్కుంటాయి. అన్నిటికీ ముళ్లున్నాయి, విషమూ ఉంది. చొక్కా ఒకటే అయితే, ఒకదాన్ని మింగబోయి నోరు గుచ్చుకున్న వేటగాడు మిగతావాటినీ వదిలేస్తాడు. ఒకే చోట ఉన్నా ముట్టె పొడవుల్లో తేడా, తిండిలో తేడా, కాబట్టి పోటీ తక్కువ. అంటే రంగు చెప్పేది ఈ చేప ఎక్కడ ఉంటుందో, ఎవరితో తిరుగుతుందో. ఎవరి బిడ్డో చెప్పదు.

రాత్రి వరకు కాగితాలు చింపాను. చివరికి అర్థమైందేమిటంటే, నేను రెండు పనులను ఒకటిగా కలిపి కట్టేశాను. చుట్టరికం తేల్చడం వర్గీకరణ. నా ముందున్న చేప ఏదో తేల్చడం గుర్తింపు. మొదటిదానికి జన్యువులూ లోపలి ఎముకలూ కావాలి, డాబా మీది గదిలో అయ్యేది కాదు. రెండోదానికి కంటి అద్దం, ఓపిక చాలు. కాబట్టి సూచికలోంచి ప్రజాతి మెట్టు తీసేస్తున్నాను. నేరుగా జాతికి వెళ్లాలి, చివర్లో "ఇది ఇప్పుడు ఈ ప్రజాతిలో ఉంది" అని ఒక వాక్యం రాయాలి. రేపు మళ్లీ మారితే ఆ వాక్యం ఒక్కటే కొట్టేసుకుంటారు. విద్యార్థులకు ఏటా "సూచిక అంటే వంశవృక్షం" అన్నట్టు బోధించిన పాపం కూడా నా ఖాతాలో ఉంది.

ఆగస్టు 17

మూడు రోజులుగా వాన. తొట్టిలో సగం నీళ్లు తీసి చల్లటి నీళ్లు పోశాం. వేకువకు కంచు చేపల తొట్టి అద్దం నిండా గుడ్లు. ఒక జంటను కళ్లారా చూశాం. మగది పక్కవాటుగా పడుకుంటే ఆడది దాని పొట్టకు నోరు ఆనించింది. ఆడచేప వీర్యాన్ని నోటితో తాగుతుందని, అది పేగు గుండా వేగంగా సాగి వెనక నుంచి గుడ్ల మీదికి చేరుతుందని జపాన్ పరిశోధకులు 1995లో ప్రకటించారు. గాలి మింగే దారీ ఇదే, ఇదీ ఈ దారే! ఆ వెంటనే ఆడది కింది రెక్కలను దోసిలిలా ముడిచి, అందులో మూడో నాలుగో గుడ్లు పట్టుకుని అద్దం మీద అంటించింది.

ఇది ప్రాజెక్టులో భాగం కాదు గాని, పనికొచ్చింది. నాలుగో రోజున పొదిగిన పిల్లల మీద ఒక్క పెంకు లేదు. రంగు మచ్చలు పెద్దవాటికి సంబంధం లేనివి. సూచిక పైన ఎర్ర సిరాతో రాశాను: ఎదగని పిల్ల చేపలకు వాడవద్దు.

ఆగస్టు 30

నలుగురు విద్యార్థులకు సూచిక, ఫోటోలు ఇచ్చి నేను బయట కూర్చున్నాను. ముగ్గురు ట్రైలినియేటమ్ దగ్గరికి సరిగానే వచ్చారు. ఒకడు "ముట్టె పొడవుగా ఉందా?" అన్న చోట అవును అనుకుని దారి తప్పాడు. "దేనికంటే పొడవు సార్?" అన్నాడు. తప్పు వాడిది కాదు. చేతిలో ఒకే చేప ఉన్నవాడికి పొడవు, పొట్టి అనే మాటలు గాలిలో కత్తులు. "ముట్టె కొన నుంచి కంటి ముందు అంచు వరకు ఎంత, కంటి అడ్డుకొలతకు అది ఎన్ని రెట్లు" అని మార్చాను.

ఒక విద్యార్థిని ఇవి మన కాలువల్లో వలలు చింపేస్తున్న దెయ్యం చేప పిల్లలేమో అని అడిగింది. మంచి ప్రశ్న. అదీ దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కవచపు చేపే, కుటుంబం వేరు. దానికి పక్కన రెండు వరసలతో సరిపోదు, ఇంకా ఎక్కువ వరసల పెంకులుంటాయి. నోరు కింద గిన్నెలా అతుక్కుంటుంది. అదీ ఎవరి తొట్టిలోంచో బయటపడ్డదే. అందుకే మా తొట్టి నీళ్లు కూడా కాలువలోకి వదలం, మొక్కల కుండీలకే పోస్తాం.

పూర్తయిన వర్ణనల్లో ఒకటి ఇక్కడ ఎక్కిస్తున్నాను:

"మూడు గీతల పెంకు చేప. పరిశీలించినవి 12, పొడవు 31 నుంచి 44 మిల్లీమీటర్లు. ముట్టె గుండ్రం, కంటి అడ్డుకొలతకు రెట్టింపు లోపే. వీపు రెక్కలో ముల్లు వెనక 7 ఈనెలు. పై వరస పెంకులు 22 లేదా 23, కింది వరస 20 లేదా 21. బతికున్నప్పుడు ఒళ్లు బూడిద తెలుపు. తల మీద నల్ల గీతలు వంకరగా అల్లుకుని ఉంటాయి, చిన్నవాటిలో కొంత చుక్కలు. కీలు గీత వెంట ఒక నల్ల చార, దానికి పైనా కిందా లేత పట్టీ. వీపు రెక్క పైభాగాన పెద్ద నల్ల మచ్చ. ఒకే చేపకు రెండు చెంపలూ ఒకలా ఉండకపోవచ్చు."

"బతికున్నప్పుడు" అన్న మాట కావాలనే పెట్టాను. ఆల్కహాల్‌లో పెడితే ఎరుపు, పసుపు కరిగిపోయి నలుపే మిగులుతుంది. అందుకే శాస్త్రవేత్తలు రెండు రంగులనూ విడివిడిగా రాస్తారు. బీగిల్ నౌక మీద వెళ్లిన డార్విన్ సేకరించిన కోరీని లెనార్డ్ జెనిన్స్ 1842లో వర్ణించాడు. ఆయన ముందున్నది సీసాలోని చేప, నా ముందున్నది ఈదే చేప. పోల్చుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

సెప్టెంబరు 6

సూచిక అచ్చు ప్రతి తీసుకుని దుకాణానికి వెళ్లాను. అతను శ్రద్ధగానే విన్నాడు. తొట్టి మీది జూలీ చీటీ తీసి, చేతిలో పట్టుకుని ఆలోచించాడు.

"మూడు గీతలు అని రాస్తే ఎవరు కొంటారు మాస్టారూ? జూలీ అయితే అందరికీ తెలుసు."

"రెండూ రాయండి. జూలీ అని అమ్మే మూడు గీతల చేప, అని."

"అంత చీటీ ఎక్కడ పడుతుంది?"

చివరికి చీటీ వెనక చిన్న అక్షరాలతో రాసి, ముందు వైపు జూలీ అనే ఉంచాడు. వచ్చేటప్పుడు మూలన ఒక సంచిలో ఆరు చేపలు చూపించాడు. కొత్తగా వచ్చాయట, పేరు తెలియదట. ముట్టె పొడుగ్గా ఉంది, ఒంటి మీద చుక్కలు. లెపార్డస్ కావచ్చు, కాకపోనూ వచ్చు. పేరు పెట్టని కోరీలకు జర్మనీ అక్వేరియం పత్రిక ఒకటి 1993 నుంచి అంకెలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ ఆచారమే నేనూ పాటిస్తాను. అయిదో తొట్టి కడిగి సిద్ధం చేశాం. చీటీ మీద ప్రస్తుతానికి "డాబా-6" అని మాత్రమే ఉంది. రేపు ముట్టె కొలతలతో మొదలుపెట్టాలి.